సూరతులోని మూగజీవుల వైద్యశాల

పాలిచ్చునంతకాలము ఆవు ఇంటికి లక్ష్మి. వట్టిపోయిననాడు దానినెవరికప్పగింపవలెనన్నదే గృహస్థుని దిగులు. ఈ దిగులు తీర్చుటకు సూరతులోని బనియా వర్తకులు ఊరివెలుపల ఒక శాలనే పోషించిరి. 1689లో ఇంగ్లండునుండి బయలుదేరి సూరతు చేరిన మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, 1696లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున దానిని వర్ణించెను. నగరమునకు మైలుదూరమున, కుంటివియు రోగపీడితములునైన ఆవులు, గుఱ్ఱములు, మేకలు, కుక్కలు అచ్చట శేషజీవితము గడుపుచుండెనట. కసాయివాని పాలు కానున్న ముసలియెద్దును బనియాలు అడిగియో, కొనియో తెచ్చి చేర్చెడివారు.

సమీపముననే నల్లులు మొదలగు క్రిములకు వేఱొక శాల! వాని యాహారమునకై అప్పుడప్పుడొక పేదవానిని కూలికి కుదిర్చి, రాత్రియెల్ల మంచముపై పరుండబెట్టెడివారు. కాటులకు తాళలేక తెల్లవారకమున్నే లేచిపోవునేమోయని కట్టివేసెడివారని కూడ ఓవింగ్టన్ వ్రాసినాడు. ఎద్దును కత్తినుండి తప్పించిన కరుణకు ఈ కూలివాని మేను కానరాకపోవుట వింతయే. పశువుల శాలను గుజరాతీలు పాంజరాపోలు అందురు; సూరతున అట్టిది నేటికిని నడచుచున్నది.