పెడల్స్ మీద కుక్క

కట్టు బిగించండి. ఇంకో రంధ్రం లోపలికి. ఆమె మీ ముంజేతిని నాకుతోంది. నాకనివ్వండి, చేతులు మాత్రం ఆపకండి.

టెనెసీ రాష్ట్రం, నాక్స్‌విల్. నది మధ్య దీవి మీద చిన్న ఎయిర్‌పోర్టు, 3,500 అడుగుల రన్‌వే. మీది సెస్నా 172. ఒకటే ఇంజిన్, నాలుగు సీట్లు. వెనక సీటు పొద్దున్నే ఊడదీసి హ్యాంగర్‌లో పెట్టారు. ఆ ఖాళీలో ఒక క్రేటు, అందులో రెండు కుక్కపిల్లలు. పక్కనే దుప్పటి మీద ఈమె. షెపర్డ్ పోలికలున్న పెద్ద కుక్క, 27 కిలోలు. ఆమెకు సరిపడే క్రేటు ఈ తలుపులోంచి దూరలేదు. అందుకే ఛాతీ చుట్టూ కట్టు వేసి, దాన్ని నేలమీది కొక్కేనికి తగిలించారు. మెడపట్టీకి వేలాడే తాడు వేరే ఉంది. దాన్ని తీయకండి.

మత్తుమందు ఇస్తే పడుకుంటుంది కదా? వెటర్నరీ డాక్టర్లు వద్దంటారు. రక్తపోటు పడిపోవచ్చు, ఊపిరి మందగించవచ్చు, కుదుపు వచ్చినప్పుడు కాళ్లు నిలదొక్కుకోలేదు.

ఇంత కష్టం ఎందుకంటే, ఇక్కడి షెల్టర్లలో చోటు లేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెంచుకునేవాళ్లు దొరక్క చాలా కుక్కల్ని చంపేస్తున్నారు. ఉత్తరాన వాటికోసం ఇళ్లు ఎదురుచూస్తున్నాయి. మధ్యలోని దూరాన్ని సొంత విమానాలున్న పైలట్లు తలా కొంత పంచుకుంటారు. 2008లో డెబీ బోయిస్, జాన్ వెరెన్‌బర్గ్ అనే ఇద్దరు కలిసి ‘పైలట్స్ ఎన్ పాస్’ సంస్థను మొదలుపెట్టింది ఇందుకే. పైలట్‌కి జీతం లేదు, పెట్రోలు కూడా అతనిదే. ఈరోజు మీ వంతు. వర్జీనియాలోని రోనోక్ దాకా, దాదాపు రెండు గంటలు.

కిటికీలోంచి ముందుకు చూడండి. మనుషులు లేరు, కుక్కలు లేవు. ఇప్పుడు తాళం తిప్పండి. ప్రొపెల్లర్ కదిలి, మసకబారి, మాయమైపోతుంది. అది కనిపించదు కాబట్టే భయం. తాడు తెంపుకున్న కుక్కకు అక్కడ ఖాళీయే కనిపిస్తుంది. అందుకే ఇంజిన్ తిరుగుతుండగా ఏ జంతువునూ ఎక్కించరు, దించరు.

వేగం 55 నాట్లు. స్టీరింగు మెల్లగా లాగండి. నది కిందికి జారిపోతుంది.

5,500 అడుగుల దగ్గర ఎత్తు నిలపండి. నేలతో పోలిస్తే ఇక్కడ దాదాపు తొమ్మిది డిగ్రీలు చల్లన. వెనక్కి చూస్తే, చెవులకు మెత్తటి కప్పులు పెట్టుకుని ఆమె గాఢనిద్రలో ఉంది. ఇంజిన్ మోతకు, సన్నటి కంపనానికి చాలా కుక్కలు ఇలాగే నిద్రపోతాయి. కింద 81వ నంబరు హైవే లోయ వెంట సాగుతోంది. మీరూ దాని వెంటే. అబింగ్‌డన్ ఎయిర్‌పోర్టు ఎడమ రెక్క కిందుగా వెనక్కి వెళ్లిపోయింది. కుడివైపు దూరంగా మౌంట్ రోజర్స్, వర్జీనియాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. 5,729 అడుగులు. మీకన్నా ఎత్తులో ఉంది. అటు పోకూడదు.

గాలి మారింది. ఎడమవైపు కొండల్ని ఎక్కి, ఇవతలి వాలు మీదుగా కిందికి దూకుతోంది. ఆ దూకేచోటే మీరున్నారు.

పల్లెవెలుగు బస్సు గుంతలో పడ్డట్టు ఒక కుదుపు. తల పైకప్పుకి తగిలింది. వేగం చూడండి. తగ్గించండి. 95 నాట్లు.

ఇంకొకటి. ఈసారి గట్టిగా.

మీ భుజం పక్కన వెచ్చటి ఊపిరి.

ఆమె లేచింది. వెనక్కి వెనక్కి లాక్కుని కట్టులోంచి తల తప్పించుకుంది. కుడి సీటు మీదికి ఎక్కింది. అక్కణ్ణుంచి కిందికి దిగింది. చీకటిగా, ఇరుకుగా ఉన్న మూల కావాలి ఆమెకు. ఆ మూలలో పెడల్స్ ఉన్నాయి. అవీ మీ కాళ్ల కింది పెడల్స్‌తో కలిసే కదులుతాయి.

విమానం ముక్కు కుడికి తిరిగింది. కుడి రెక్క వాలుతోంది.

ఎడమ కాలు తొక్కండి. ఇంకా. పట్టి ఉంచండి.

మీ చేయి కిందికి వెళ్లబోతోంది. వద్దు. వంగితే కళ్లూ కిందికే పోతాయి. రెక్క ఎటు ఉందో తెలియదు. భయపడ్డ కుక్క కరుస్తుంది కూడా. ముందు విమానం.

రెక్కలు సమానం. వేగం 95. ఎత్తు 5,300. చాలు.

రేడియో. "ప్యాన్-ప్యాన్" అని మూడుసార్లు. ప్రాణాపాయంలో ఇచ్చే ‘మేడే’ పిలుపు కన్నా ఒక మెట్టు కిందిది. ప్రాణం పోయేలా లేదు, కానీ సాయం ఇప్పుడే కావాలి. దగ్గరున్న రన్‌వే అబింగ్‌డన్, వెనకవైపు, తొమ్మిది మైళ్లు. లోయ మధ్యలోనే మెల్లగా తిరగండి.

ఎడమ పిక్క వణుకుతోంది. పట్టి ఉంచండి.

జేబులో ఉడికించిన చికెన్ ముక్కలున్నాయి. ఒకటి కుడి సీటు మీద పెట్టండి. కళ్లు బయటే. "రా తల్లీ, రా." ఈ మోతలో ఆమెకు వినపడదు. అయినా పిలవండి.

ఏమీ లేదు.

ఇంకో ముక్క.

పెడల్ వదులైంది. తడి ముక్కు మీ చేతికి తగిలింది. ఆమె సీటెక్కింది. మెడపట్టీ తాడు దొరికింది. పొట్టిగా లాగి కుడి తొడ కింద తొక్కిపెట్టండి. స్టీరింగు ఆమెకు అందకూడదు. కుడి సీటు పొద్దునే చివరిదాకా వెనక్కి జరిపి ఉంచారు, అది ఇప్పుడు కలిసొచ్చింది.

దిగడం నిదానంగా. నిమిషానికి 300 అడుగులు. చెవులు పట్టేస్తే గుటక మింగమని ఆమెకు చెప్పలేరు.

ఫ్లాప్స్ దించండి. వేగం 65 నాట్లు. రన్‌వే పెద్దదవుతోంది. చక్రాలు తాకాయి. ఒకటి, రెండోది, ముక్కు చక్రం.

పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. తలుపు మీద చెయ్యి వేయకండి, ప్రొపెల్లర్ పూర్తిగా ఆగాలి. ఆగిందా? తాడు ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుని అప్పుడు తెరవండి.

గాలి ఇంకా తగ్గలేదు. రోనోక్‌లో ఎదురుచూస్తున్న వాళ్లకు ఫోన్ చేయండి. కారులో వస్తే సుమారు రెండు గంటలు. మూడింటినీ రోడ్డు మీదే వెళ్లనివ్వండి. ఒక్కరే పైలట్‌గా ఉన్నప్పుడు, ఒకసారి కట్టు తప్పించుకున్న కుక్కను అదే కట్టుతో మళ్లీ పైకి తీసుకెళ్లడం తప్పు.

మీ సొంత కుక్కను ఎక్కించుకునే రోజు వస్తే, నేలమీద ఉండగానే ఎదురుగా నిలబడి కట్టు పట్టుకుని మీవైపు లాగండి. అది వెనక్కి గుంజుకుంటుంది. తల జారి బయటికొచ్చిందా, ఇంజిన్ స్టార్ట్ చేయకండి.