హెల్మెట్ తారీఖ్: లారెన్స్ హాదసా నుంచి మన గల్లీ ఈ-బైక్ దాకా

ఉర్దూ మీడియంలో చదువుకున్న నా వయసు వాళ్లకి లారెన్స్ అనగానే ముందు గుర్తొచ్చేది సినిమా కాదు, గద్దారీ. మా తారీఖ్ ఉస్తాద్ ఆ పేరు పలికేటప్పుడు అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెట్టేవారు. 1916లో మక్కా షరీఫ్ హుసేన్ తుర్కుల మీద బగావత్ చేయడం, ఆ బగావత్‌లో లారెన్స్ అనే ఇంగ్లీషు అఫ్సర్ అరబ్బు లిబాస్ వేసుకుని ఒంటెల మీద తిరగడం, అరబ్బులకి ఆజాదీ వాదా చేసిన హుకూమతే అదే ఏడాది ఫ్రాన్సుతో కలిసి సైక్స్-పికో ఒప్పందంలో వాళ్ల జమీన్‌ని పంచేసుకోవడం, ఇవన్నీ మాకు పరీక్ష కోసం చదివిన పాఠంలా కాకుండా ఇంట్లో జరిగిన తగాదాలా తెలుసు. ఖిలాఫత్ తహ్రీక్ కథలు నానీలు, దాదీలు చెప్పిన ఇళ్లు మనవి. చివరి ఖలీఫా కూతురు దుర్రె షెహ్వార్ 1931లో నిజాం పెద్ద కొడుకుని నికాహ్ చేసుకుని హైదరాబాద్ వచ్చింది. పురానీ హవేలీలో ఆమె పేరున పిల్లల దవాఖానా ఉంది.

ఇంత చెప్పినా, ఈ వ్యాసం లారెన్స్ బతుకు గురించి కాదు. అతని మౌత్ గురించి. ఎందుకంటే ఈ రోజు మనం బండి మీద పెట్టుకునే హెల్మెట్ తారీఖ్‌లో పెద్ద అధ్యాయం ఆ మౌత్ దగ్గరే మొదలవుతుంది. మన గల్లీల్లో పిల్లలు నడుపుతున్న బ్యాటరీ బండ్ల సంగతి అర్థం కావాలన్నా అక్కడి నుంచే రావాలి.

యుద్ధం అయ్యాక లారెన్స్ పేరు మార్చుకుని మామూలు ఎయిర్‌మన్‌గా బ్రిటిష్ వైమానిక దళంలో చేరాడు. కరాచీలో, తర్వాత వజీరిస్తాన్‌లోని మీరాన్‌షాలో పనిచేశాడు. అప్పుడే అఫ్ఘానిస్తాన్‌లో అమానుల్లా ఖాన్ మీద తిరుగుబాటు లేచింది. దాని వెనక లారెన్స్ చెయ్యి ఉందని అఖ్బార్లు రాసేసరికి 1929 జనవరిలో అతన్ని వెనక్కి పంపించేశారు. అతనికి ఒక్కటే షౌక్, రఫ్తార్. బ్రో సుపీరియర్ అనే ఖరీదైన మోటార్‌సైకిళ్లు ఒకదాని తర్వాత ఒకటి కొన్నాడు.

1935 మే 13న ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో, తన ఇంటికి దగ్గర్లోనే, అలాంటి బండి మీద వస్తున్నాడు. రోడ్డు కిందికి దిగి పైకి లేచే చోట ముందున్నది కనపడలేదు. అక్కడ సైకిళ్ల మీద ఇద్దరు పిల్లలున్నారు. వాళ్లని తప్పించబోయి ఎగిరి పడ్డాడు. తల మీద టోపీ లేదు, హెల్మెట్ లేదు. ఆరు రోజులు హోష్ రాకుండానే మే 19న పోయాడు. వయసు 46. జనాజాకి చర్చిల్ కూడా వచ్చాడు. ఒక నల్ల కారు కనపడిందని ఒక సాక్షి చెప్పడంతో ఇది సాజిష్ అన్నవాళ్లూ ఉన్నారు. నేను జర్నలిస్టుని కాబట్టి ఆ నల్ల కారు మీద నాకూ ఆశ పుట్టింది కానీ, విచారణ తేల్చింది మాత్రం మామూలు హాదసా అనే. పైగా నాకు ఆ కారు కంటే ఆ ఇద్దరు సైకిల్ పిల్లలే ముఖ్యం అనిపిస్తుంది. వాళ్లు బతికారు.

లారెన్స్ మంచం దగ్గర నిలబడ్డ డాక్టర్లలో ఒకరు హ్యూ కెయిర్న్స్. ఆస్ట్రేలియాలో పుట్టి, అమెరికాలో హార్వే కుషింగ్ దగ్గర దిమాగ్ సర్జరీ నేర్చుకున్న మనిషి. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఎంత పెద్ద సర్జన్ అయినా లారెన్స్‌ని బతికించడానికి ఏమీ మిగల్లేదు. చాలామంది డాక్టర్లు అక్కడితో మరిచిపోతారు. కెయిర్న్స్ మరిచిపోలేదు. అతను చేసిన పని వినడానికి చాలా సాదా పని. లెక్కపెట్టాడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. బాంబుల భయంతో ఊళ్లకి ఊళ్లే దీపాలు ఆర్పేసుకున్నాయి. ఆ అంధేరాలో ఫౌజ్ ఖబర్లు మోసే కుర్రాళ్లు మోటార్‌సైకిళ్ల మీద పరుగులు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కెయిర్న్స్ రాసిన వ్యాసంలో ఒక అంకె ఉంది: యుద్ధం మొదలైన తొలి 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద మోటార్‌సైకిల్ నడిపేవాళ్లు, వెనక కూచునేవాళ్లు కలిపి 2,279 మంది చచ్చిపోయారు. వీళ్లని చంపింది దుష్మన్ గోళీ కాదు. ఎక్కువమందికి తల దెబ్బే ప్రాణాల మీదికి తెచ్చింది. హెల్మెట్ పెట్టుకుని పడినవాళ్లు అతని కేసుల్లో ఏడుగురే ఉన్నారు. ఏడుగురూ బతికారు.

ఏడు చిన్న లెక్క. ఏడుగురితో ఏం సాబిత్ అవుతుంది అని అడగొచ్చు. అయినా ఫౌజ్ ఆ మాట వింది. అదే ఏడాది నవంబర్‌లో డ్యూటీ మీదున్న ప్రతి ఫౌజీ సవారీకి హెల్మెట్ తప్పనిసరి చేసింది. కెయిర్న్స్ కూడా ఏడు దగ్గర ఆగలేదు. హోల్‌బోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్తతో కలిసి 1943లో ఇంకా పెద్ద లెక్కతో మళ్లీ రాశాడు.

ఈ హోల్‌బోర్న్ చేసిన తజ్రుబా మన వంటింటి భాషలో చెబితే బాగా అర్థమవుతుంది. రంజాన్‌లో ఇఫ్తార్‌కి చైనా గ్రాస్ చేస్తాం కదా. గిన్నెలో పోసి గడ్డకట్టాక ఆ గిన్నెని నేరుగా ముందుకి తోస్తే లోపలి ముద్దకి పెద్దగా ఏమీ కాదు. గిర్రున తిప్పి టక్కున ఆపితే లోపల చీలుతుంది. హోల్‌బోర్న్ మైనంతో ఖోప్డీ అచ్చు చేసి, అందులో జెలటిన్ పోసి, ఇలాంటిదే చూశాడు. దిమాగ్ మెత్తటి ముద్ద. తల విసురుగా తిరిగి ఆగినప్పుడు పైన ఎముకకి పగులు లేకపోయినా లోపల నరాలు తెగుతాయి. "పైకి ఏమీ కనపడలేదు, లేచి మాట్లాడాడు కూడా, రాత్రికి పోయాడు" అని మన ఇళ్లలో ఏడుస్తూ చెప్పుకునే మౌత్‌లు ఉంటాయి. తల లోపల దెబ్బ, లోపలే కారే రక్తం ఇలా ఆలస్యంగా చంపుతాయి. నజర్ తగిలిందనుకుంటాం.

ఫౌజ్‌కి కొన్ని వారాలు పట్టిన పని ఆవామ్‌కి 32 ఏళ్లు పట్టింది. బ్రిటన్‌లో మామూలు జనానికి హెల్మెట్ కానూన్ వచ్చింది 1973 జూన్‌లో. కెయిర్న్స్ అప్పటికే 1952లో పోయాడు. 1976లో పగ్డీ కట్టుకునే సిక్కులకి ఇజాజత్ ఇస్తూ ఇంకో కానూన్ చేశారు. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవాళ్లకీ వెనక కూచున్నవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి అంటుంది. ఇక్కడా పగ్డీ ఉన్న సిక్కులకి మినహాయింపు. 2019 సవరణతో నాలుగేళ్లు దాటిన పిల్లలకి కూడా హెల్మెట్ ఉండాలి. నమాజ్ టోపీకి ఇజాజత్ లేదు. జుమా నాడు తెల్ల టోపీలతో బండి మీద ముగ్గురు పోతుంటే పోలీసు చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. దాన్ని మనం ఇజ్జత్ అనుకుంటాం. రోడ్డుకి ఆ మురవ్వత్ ఉండదు.

ఇంతదాకా పెట్రోలు బండ్ల కథ. ఇక బ్యాటరీ.

కరెంటుతో నడిచే సైకిల్ కొత్త ఆలోచన కాదు. 1895లోనే అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయన చక్రంలో మోటారు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. కానీ అది ఇప్పటి రూపంలో బజారుకొచ్చింది 1993లో, జపాన్‌లో, యమహా పాస్ అనే సైకిల్‌తో. దాని కమాల్ ఏమిటంటే, కాలు తొక్కితేనే మోటారు తోడొస్తుంది. తొక్కడం ఆపితే అదీ ఆగుతుంది. రఫ్తార్ పెరిగేకొద్దీ మోటారు సాయం తగ్గుతూ గంటకి 24 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. అందుకే కానూన్ దాన్ని సైకిల్‌గానే చూసింది. లైసెన్స్ అక్కర్లేదంది. 2002లో యూరప్ కూడా ఇదే బాటలో గీత గీసింది: మోటారు 250 వాట్లు, రఫ్తార్ 25 కిలోమీటర్లు, పైగా తొక్కుతుంటేనే. తొక్కకుండా పోయేదైతే మోపెడ్ కింద లెక్క.

మన 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2(యు) అనే నియమం ఉంది. అందులోనూ అవే అంకెలు: 250 వాట్ల లోపు మోటారు, 25 లోపు రఫ్తార్. అంతకి లోబడిన బ్యాటరీ టూవీలర్ "మోటారు వాహనం" కిందికే రాదు. అంటే రిజిస్ట్రేషన్ లేదు, నంబరు ప్లేటు లేదు, లైసెన్స్ లేదు, బీమా లేదు, 129వ సెక్షన్ హెల్మెట్ కూడా లేదు. అంకెలు అవే అయినా ఒక్క షరతు జారిపోయింది. తొక్కే సైకిల్‌తో పాటు, అసలు తొక్కక్కర్లేకుండా ఎక్సలేటర్ తిప్పితే పోయే స్కూటీ కూడా మన దగ్గర ఈ మినహాయింపులో ఉంది. బ్యాటరీ కాకుండానే 60 కిలోల దాకా బరువు ఉండొచ్చు. మామూలు సైకిల్ అందులో మూడో వంతు కూడా ఉండదు. యూరప్ మినహాయింపు ఇచ్చింది సైకిల్‌కి. మనం ఇచ్చింది సైకిల్ అని పేరు పెట్టుకున్న స్కూటర్‌కి. నా ఫిర్యాదు అంతా ఈ ఒక్క చోటే.

మా గల్లీలో పోయిన రంజాన్‌లో తరావీహ్ అయ్యాక పద్నాలుగేళ్ల అబ్బాయి వెనక ఇద్దరు దోస్తుల్ని ఎక్కించుకుని స్పీడ్‌బ్రేకర్ మీద పడ్డాడు. చెవి పైన ఆరు కుట్లు. మర్నాడు పలకరించడానికి పోతే వాళ్ల అబ్బా అన్నాడు: "పచ్చీస్‌ఇచ్ జాతీ నా భాయ్, ఉస్కు హెల్మెట్ కాయ్కు?"

భాయ్ అడిగిన సవాల్ వాజిబే. పాతికే కదా! దానికి హిసాబ్ కితాబ్ ఇది. బండి మీద కూచున్నవాడి తల నేల నుంచి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి కదలకుండా నిలబడి ఉండగా పక్కకి ఒరిగి పడినా, తల నేలని తాకేసరికి దాని రఫ్తార్ గంటకి 20 కిలోమీటర్ల దగ్గరికి చేరుతుంది. బండి రఫ్తార్ దీనికి అదనం. 25 అంటే సెకనుకి ఏడు మీటర్లు. గోడ మూల తిరిగి వచ్చే ఆటోని చూసి బ్రేకు మీదికి చెయ్యి పోయేలోపే ఆ ఏడు మీటర్లు అయిపోతాయి. మామూలు సైకిల్ తొక్కే 15తో పోలిస్తే 25 దగ్గర దెబ్బ బలం దాదాపు మూడింతలు, ఎందుకంటే రఫ్తార్ పెరిగితే బలం దాని వర్గంగా పెరుగుతుంది. పైగా చప్పుడు లేదు. ఫజర్‌కి మస్జిద్‌కి పోయే ముసలాయనకి వెనక బండి వస్తున్నట్టు తెలియదు. పడేది నడిపేవాడొక్కడే కాదు.

పాతిక అన్నది కూడా కాగితం మీది మాట. కొన్ని చోట్ల అమ్మేటప్పుడే ఒక వైరు మార్చి రఫ్తార్ పెంచి ఇస్తారు. ఆ క్షణం నుంచి అది కానూన్‌లో మోటారు వాహనం. లైసెన్స్ లేని పిల్లాడు నడిపి ఎవరినైనా గుద్దితే 199ఎ సెక్షన్ ప్రకారం ముల్జిమ్ అబ్బానే. మూడేళ్ల దాకా ఖైదు, 25,000 రూపాయల జుర్మానా, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. బీమా లేని బండి కాబట్టి దెబ్బతిన్నవాళ్లకి చెల్లించాల్సింది కూడా ఇంట్లోంచే.

చైనా ఇదే దారిలో మనకంటే ముందు నడిచింది. 1999 నాటి వాళ్ల కొలత ప్రకారం ఈ-బైక్ అంటే గంటకి 20 కిలోమీటర్లు, 40 కిలోలు. బజారు ఆ కొలతని ఏళ్ల తరబడి లెక్క చేయలేదు. బరువైన స్కూటర్లు సైకిళ్ల పేరుతో అమ్ముడుపోయాయి. చివరికి 2019లో కొత్త కొలత అమల్లోకి తెచ్చి, రఫ్తార్ 25 అని, బరువు 55 కిలోలని, తొక్కే పెడళ్లు ఉండి తీరాలని అన్నారు. 2020లో హెల్మెట్ కోసం దేశమంతా మొహిమ్ నడిపారు.

మన దగ్గర కెయిర్న్స్ చేసినట్టు లెక్కపెట్టడం కూడా కష్టం. నంబరు ప్లేటే లేని బండి హాదసాలో పడితే కాగితాల్లో అది సైకిలా, స్కూటరా? ఒక పోలీసు ఒకటి రాస్తాడు, ఇంకొకరు ఇంకొకటి రాస్తారు.

కాబట్టి కానూన్ అడగకపోయినా ఇంట్లో పెద్దవాళ్లే అడగాలి. ఆడపిల్లలు ట్యూషన్‌కి, అమ్మీలు బజారుకి ఈ బండ్ల మీదే పోతున్నారు కనక వాళ్లకి పనికొచ్చే నాలుగు మాటలు. హెల్మెట్ మీద ఐఎస్ఐ మార్కు, పక్కన ఐఎస్ 4151 అనే అంకె ఉండాలి. 2021 జూన్ నుంచి ఈ మార్కు లేని టూవీలర్ హెల్మెట్ అమ్మడమే నేరం. రోడ్డు పక్కన రెండు వందలకి దొరికేది ప్లాస్టిక్ గిన్నె. లోపల థర్మకోల్ లాంటి మందపాటి పొర ఉంటుంది, దెబ్బకి నలిగి తలని కాపాడేది అదే. ఒకసారి గట్టిగా నలిగిందంటే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే, పైకి మెరుస్తున్నా మార్చేయాలి. హిజాబ్ మీద పెట్టుకునేటప్పుడు తల వెనక ముడి, క్లిప్పు, పిన్నులు ఉండకూడదు. లోపల పల్చటి కాటన్ టోపీ, దాని మీద ఒకే పొర స్కార్ఫు సరిపోతుంది. హెల్మెట్ కొనేటప్పుడే స్కార్ఫుతో పెట్టి చూసుకోండి, సైజు మారుతుంది. గడ్డం కింద పట్టీ బిగించాక రెండు వేళ్లు దూరితే చాలు, పిడికిలి దూరితే వదులు. దుపట్టా, బుర్ఖా అంచు వెనక చక్రం దాకా వేలాడకుండా బిగించి కూచోండి. నమాజ్ టోపీ జేబులో పెట్టుకుంటే మస్జిద్ గేటు దగ్గర పెట్టుకోవచ్చు.