కప్పం కట్టిన కోట

2021 మే లో మా నాయన పోయారు. ఆ తర్వాత మూడు నెలలు గద్వాల ఇంట్లోనే ఉండి పని చేశాను. పగలు ఆఫీసు కాల్స్, రాత్రి నిద్ర పట్టదు. ఓ రాత్రి ఏమీ తోచక 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగం ఎక్కించాను. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1999లో వచ్చిన ఆట. ఇంజినీరింగులో ల్యాబు ఇన్‌ఛార్జి అటు తిరగ్గానే మా బ్యాచి మొత్తం దీంట్లోనే ఉండేది. ఇప్పుడు నేను ఆడింది 2019లో మెరుగులు దిద్ది విడుదల చేసింది.

పదిహేనేళ్ళయినా షార్ట్‌కట్లు వేళ్ళు మర్చిపోలేదు. గొర్రెలు, కట్టెలు, రాయి, ఆఖరికి కోట. కోట కూలిందంటే మాత్రం అప్పుడూ ఇప్పుడూ నాది ఒకటే పని: రిజైన్ కొట్టి కొత్త ఆట మొదలెట్టడం.

అక్కడే నాయనతో పాత తగువు గుర్తొచ్చింది. నాయన డిగ్రీ చదివింది గద్వాల కోటలో. నిజంగానే కోట లోపల. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద కాలేజీ అక్కడే ఉండేది. "మేం కోటల సదువుకున్నోళ్ళం రా" అని తెగ చెప్పుకునేవాడు. నేనేమో "మీ రాజులు యుద్ధం చేసినోళ్ళా, నిజాముకు కప్పం కట్టి బతికినోళ్ళే కదా" అనేవాణ్ణి. "కట్టకపోతే కోట ఉంటుండెనా?" అనేవాడు. నేను దాన్ని పిరికి సమాధానం అనుకునేవాణ్ణి.

ఆ మాట పట్టుకుని కొంచెం చదివాను. కృష్ణకీ తుంగభద్రకీ మధ్య ఉన్న మా నడిగడ్డ, రాయచూరు అంతర్వేదిలో తూర్పు కొస. ఈ నేల కోసం బహమనీలూ విజయనగరమూ తరాల తరబడి కొట్టుకున్నారు. 1520లో రాయచూరు దగ్గర కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించాడు. 1565లో రాక్షసి తంగడి దగ్గర కథ తిరగబడింది. అలాంటి చోట 17వ శతాబ్దంలో సోమనాద్రి కట్టించిన కోట ఇది. పైన ఎవరు గెలిచినా కింద సంస్థానం మిగిలింది. గద్వాల ఒక్కటే కాదు, వనపర్తి, కొల్లాపురం నుంచి ఏలిన జటప్రోలు కూడా అంతే. 1948లో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు వచ్చేదాకా నడిచాయి.

ఎలా? పేష్కష్ కట్టి. 1900ల మొదట్లో గద్వాల రాబడి దాదాపు 3 లక్షల రూపాయలైతే, అందులో 86 వేల పైచిలుకు నిజాముకే పోయేది. అంటే 30 శాతానికి కాస్త తక్కువ. ఇది చూసి నవ్వొచ్చింది. ఆటలో మార్కెట్ కట్టాక ట్రిబ్యూట్ పంపితే మొదట్లో కోసుకునేదీ 30 శాతమే :) తేడా ఏంటంటే, ఆటలో శత్రువుకి ఎంత పంపినా నా మీద దాడి ఎప్పుడూ ఆగలేదు. అందుకే ఆ బటన్ మనమెవ్వరం వాడం. మా సంస్థానాల చరిత్రంతా ఆ ఒక్క బటన్.

నాయనకి నేను చెప్పలేకపోయిన ఇంకో సగం కూడా ఉంది. ఆ కప్పం రాజుగారి ఖజానాలో పుట్టలేదు, రైతు కళ్ళంలో పుట్టింది. విద్వద్గద్వాల అని పేరు తెచ్చిన కవులకు ఇచ్చిన సంభావనలూ అక్కణ్ణుంచే. ఇది అడిగి ఉంటే ఏమనేవాడో! వాదన అక్కడే ఆగిపోయింది.

అన్నట్టు, 2022 ఏప్రిల్‌లో ఈ ఆటకి 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' వచ్చింది. తెలుగువాళ్ళం ద్రవిడుల లెక్కలోకి వచ్చాం గానీ సైనికులు మాట్లాడేది తమిళం. సరే, అది వేరే ఏడుపు.

మిగతా రెండు చోట్లా ఏం మిగిలిందో కూడా చూశాను. వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టారు. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న పాత జటప్రోలు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలోకి పోయింది. అక్కడి గుళ్ళను రాయి రాయి విప్పి గట్టు మీద మళ్ళీ కట్టారు.

2022 మే లో సంవత్సరీకం అయ్యాక సాయంత్రం కోటలోకి వెళ్ళాను. లోపల మేడలు చాలావరకు కూలిపోయాయి. చెన్నకేశవస్వామి గుడి దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు నోట్సు ముందేసుకుని చదువుకుంటున్నారు. కాసేపు వాళ్ళకి దూరంగా కూర్చుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి ఆటలో కోట కూలింది. రిజైన్ కొట్టలేదు. మిగిలిన ఏడుగురు పల్లె జనంతో తెల్లారేదాకా ఆడాను.