ఫారంలో ఆ ఒక్క గడి

మా పెద్దమ్మ కూతురు డాలస్‌లో ఉంటుంది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. చిన్నప్పుడు నాకు లెక్కలు నేర్పింది తనే. మూడేళ్ళుగా డిప్రెషన్‌కి మాత్రలు వాడుతోంది. ఆ సంగతి తెలిసింది బావకీ, నాకూ మాత్రమే.

పోయిన నెల ఫోన్ చేసి, "ఒరే, ఒకటి చెప్తాను, నవ్వకూడదు" అంది. కనుబొమల మధ్య ముడతలు పోవడానికి బొటాక్స్ చేయించుకుందామని అపాయింట్‌మెంట్ తీసుకుందట. క్లినిక్ వాళ్ళు ఒక ఫారం పంపారు. అందులో "ప్రస్తుతం వాడుతున్న మందులు" అని ఒక గడి ఉంది. అక్కడ నిజం రాయడం ఇష్టం లేదు, అబద్ధం రాయడం అంతకన్నా ఇష్టం లేదు. అందుకని మా అక్క మధ్యేమార్గం కనిపెట్టింది. మాత్రలు మానేసింది! అప్పుడు 'ఏమీ లేవు' అని రాసినా నిజమే అవుతుంది కదా అని.

నాలుగో రోజుకల్లా తల తిరగడం, బుర్రలో కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటం, ఊరికే ఏడుపు. "ఇంతకీ ఆ రెండూ కలిస్తే ప్రమాదమా రా?" అని నన్నడిగింది.

"అక్కా, నేను కోడ్ రాసుకునేవాణ్ణి. ముందు నీకు మాత్రలు రాసిన డాక్టర్‌కి ఫోన్ చెయ్యి" అన్నాను. చేసింది. ఆ కథ చివర్లో చెప్తాను. ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని ఈ రెండు మందులూ ఎక్కణ్ణుంచి వచ్చాయో చదివాను. అందులో తెలిసిందే ఈ టపా.

ముందు ఇంజెక్షన్ సంగతి. దీని పుట్టుక వంటింట్లో! జర్మనీలో వుర్టెంబర్గ్ ప్రాంతంలో సాసేజ్‌లు, అంటే పేగులో కూరి నిలవబెట్టిన మాంసం, తిని జనం చచ్చిపోయేవాళ్ళు. కళ్ళు మసకబారడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి ఆగిపోవడం. యుస్టినస్ కెర్నర్ అనే డాక్టరు 1820లో 76 కేసులు, 1822లో 155 కేసులు వివరంగా రాసిపెట్టాడు. ఈయన కవి కూడా. అంతటితో ఆగకుండా ఆ విషాన్ని తన మీదే కొంచెం ప్రయోగించి చూసుకున్నాడు. చివర్లో ఒక విచిత్రమైన ఊహ చేశాడు: నరాలు అతిగా పనిచేసే జబ్బులకి ఈ విషమే, చాలా కొద్ది మోతాదులో, మందు కావచ్చునని. విషం ఎక్కడ ఆగాలో అక్కడ ఆగితే ప్రాణం తీయదని మన గరళకంఠుడి కథ ఎప్పుడో చెప్పింది కానీ, ఒక డాక్టరు దాన్ని వైద్యంగా ఊహించడం వేరు కదా.

1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్ళో ఒక అంత్యక్రియలకి వాయించడానికి వచ్చిన బ్యాండు మేళం వాళ్ళు పంది మాంసం తిని జబ్బు పడ్డారు. ముగ్గురు పోయారు. ఆ మాంసంలోంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ బాక్టీరియాని పట్టుకున్నాడు. 'బొటులస్' అంటే లాటిన్‌లో సాసేజ్. బొటాక్స్ పేరులో ఆ సాసేజ్ ఇంకా అలాగే ఉంది.

అది చేసే పనేంటో 1949లో లండన్‌లో తేలింది. నరం చివర నుంచి కండరానికి వెళ్ళే అసిటైల్‌కొలీన్ అనే రసాయనాన్ని అది బయటికి రానివ్వదు. కబురు అందని కండరం కదలదు, అంతే. 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో కంటి డాక్టరు అలన్ స్కాట్ దీన్ని మెల్లకన్ను సరిచేయడానికి వాడటం మొదలుపెట్టాడు. 1989లో అమెరికా ఎఫ్‌డీఏ మెల్లకన్నుకీ, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకీ దాన్ని ఆమోదించింది.

ఇప్పుడు మాత్రల వైపు వద్దాం. ఇవీ అనుకోకుండా దొరికినవే. 1952లో న్యూయార్క్ స్టాటెన్ ఐలండ్‌లోని సీవ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకి ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చారు. మంచాన పడ్డవాళ్ళు హుషారుగా తిరగడం మొదలుపెట్టారు. దిగులు తగ్గించే మందుల్లో ఒక పెద్ద కుటుంబం అలా మొదలైంది. 1956లో స్విట్జర్లాండ్‌లో రోలండ్ కూన్ ఇమిప్రమిన్‌ని దిగులు రోగులకి ఇచ్చి చూశాడు. అది రెండో కుటుంబం, పేరు ట్రైసైక్లిక్‌లు.

మా అక్క గడికి అసలు సంబంధం ఉన్న కథ మాత్రం 1963ది. మొదటి కుటుంబం మందులు వాడేవాళ్ళలో కొందరికి ఉన్నట్టుండి తల పగిలే నొప్పి, బీపీ ఆకాశానికి. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. నాటింగ్‌హామ్‌లో ఒక ఫార్మసిస్టు, తన భార్యకి చీజ్ తిన్నప్పుడల్లా ఇలా అవుతోందని, లండన్ డాక్టరు బ్యారీ బ్లాక్‌వెల్‌కి ఉత్తరం రాశాడు. విన్నవాళ్ళు మొదట నవ్వారట. తీరా చూస్తే నిజమే! పండబెట్టిన చీజ్‌లో ఉండే టైరమిన్‌ని ఆ మందు శరీరంలో విరగనివ్వదు. ఇలాంటి సంఘటనల వల్లే, "ఇంకేం వాడుతున్నారు?" అని డాక్టర్లు అడగడం అంత ముఖ్యమైపోయింది. ఆ గడి మన పరువు తీయడానికి పెట్టింది కాదండీ. ఒక భర్త సిగ్గుపడకుండా రాసిన ఉత్తరం ఎంతమంది ప్రాణాలు కాపాడిందో చూడండి.

ఇక 1987. ఆ సంవత్సరం రెండు దారులూ దగ్గరికొచ్చాయి. వాంకూవర్‌లో కంటి డాక్టరు జీన్ కారుథర్స్ దగ్గర, రెప్పల జబ్బుకి ఈ ఇంజెక్షన్ తీసుకుంటున్న ఒకావిడ, నుదుటి మీద కూడా వెయ్యమంది. అక్కడ వేస్తే మొహం ప్రశాంతంగా కనిపిస్తోందట! జీన్, చర్మవ్యాధుల డాక్టరైన భర్త అలస్టేర్ కలిసి 1992లో దీని మీద పేపర్ ప్రచురించారు. 2002లో ఎఫ్‌డీఏ ముడతలకి ఆమోదం ఇచ్చింది. అదే 1987 డిసెంబర్లో ప్రోజాక్ కూడా ఆమోదం పొందింది. ఆ తరవాత కొన్నేళ్ళకి రెండు మందులూ ఒకే మనిషి జీవితంలోకి రావడంలో వింతేముంది?

సరే, కలిస్తే ఏమవుతుంది? ప్రోజాక్ తరహా మాత్రలు ప్రధానంగా మెదడులో సెరటోనిన్ మీద పనిచేస్తాయి. ఇంజెక్షన్ వేసిన చోట నరం-కండరం జంక్షన్‌ని ఆపుతుంది. బొటాక్స్‌తో వచ్చే కాగితంలో జాగ్రత్త పడమని చెప్పినవి కొన్ని రకాల యాంటీబయాటిక్స్ (జెంటామైసిన్ జాతివి), కండరాలని సడలించే మందులు, అసిటైల్‌కొలీన్‌ని అడ్డుకునే మందులు, ఈ మధ్యే తీసుకున్న ఇంకో బొటులినం ఇంజెక్షన్. ఈ పట్టికలో ప్రోజాక్ తరహావి లేవు. కానీ అమిట్రిప్టిలిన్ లాంటి పాత ట్రైసైక్లిక్‌లకి అసిటైల్‌కొలీన్‌ని అడ్డుకునే గుణం ఉంది. నోరెండిపోవడం, మలబద్ధకం అందువల్లే. ఇంకోటి, ప్రోజాక్ తరహావి రక్తం గడ్డకట్టడాన్ని కాస్త తగ్గిస్తాయి. ఆస్పిరిన్ కూడా తోడైతే సూది గుచ్చిన చోట కమిలే అవకాశం పెరుగుతుంది. అంటే "డిప్రెషన్ మాత్ర" అని రాస్తే చాలదు, పేరు రాయాలి.

తమాషా ఏంటంటే, ఈ రెంటినీ కావాలనే కలిపి చూసినవాళ్ళు ఉన్నారు. దుఃఖంలో కనుబొమలు ముడిపడే కండరాల గురించి డార్విన్ 1872లోనే రాశాడు. ఆ కండరాన్ని ఆపేస్తే దుఃఖం తగ్గుతుందా అని 2012లో వోల్మర్ బృందం 30 మంది రోగుల మీద పరీక్షించింది. వాళ్ళంతా అప్పటికే డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్ళు, మందులు ఆపలేదు. సగం మందికి బొటులినం, సగం మందికి ఉప్పునీళ్ళు. ఆరు వారాలకి దిగులు స్కోరు మొదటివాళ్ళలో సగటున 47 శాతం తగ్గింది, రెండోవాళ్ళలో 9 శాతం. చిన్న ప్రయోగం, దీన్ని పట్టుకుని ఎగరక్కర్లేదు. డిప్రెషన్‌కి ఈ ఇంజెక్షన్‌ని ఎఫ్‌డీఏ ఆమోదించనూ లేదు. కానీ మాత్రలు మానకుండానే ఇంజెక్షన్ ఇచ్చారన్నది గమనించండి.

మరి ప్రమాదాలు ఎక్కడ జరిగాయి? 2004లో ఫ్లోరిడాలో నలుగురు పక్షవాతంతో ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ళకి ఎక్కించింది మనుషులకి వాడే సరుకే కాదు. 2024 ఏప్రిల్ నాటికి అమెరికాలోని 11 రాష్ట్రాల్లో 22 మందికి, నకిలీ సరుకు వల్లో, అర్హత లేనివాళ్ళు వేయడం వల్లో జబ్బు చేసింది. విషం వేసినచోట ఆగకుండా దూరం పాకవచ్చని 2009 నుంచీ అసలు మందు మీదే గట్టి హెచ్చరిక ఉంది. కండరాలు నీరసించే మయస్థీనియా లాంటి జబ్బులున్నవాళ్ళకి ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి భయపడాల్సింది సీసాలో ఏముందో, సూది ఎవరి చేతిలో ఉందో, మనం ఏం దాచామో అన్నవాటికి.

ఇక మా అక్క సంగతి. డాక్టరు కోప్పడలేదట. ఉన్నట్టుండి ఆపితే అలాగే ఉంటుందని చెప్పి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో చెప్పింది. వారానికి తల తిరుగుడు తగ్గింది. తర్వాత ఫారం తీసి ఆ గడిలో మాత్ర పేరు, మోతాదు, ఎన్నేళ్ళుగా వాడుతోందో అన్నీ రాసింది. క్లినిక్‌లో నర్సు చదివి, "ఇది కొనసాగిస్తున్నారు కదా?" అని అడిగి, తలూపి, తర్వాతి పేజీ తిప్పిందట.

"అంతేనా రా? దీనికా నేను అంత హైరానా పడింది?" అంది మా అక్క.

బీపీ మాత్ర పేరు పెళ్ళిపందిట్లో కూడా గట్టిగా చెప్పుకుంటాం మనం. ఈ మాత్ర పేరు మాత్రం డాక్టరు దగ్గర కూడా మింగేస్తాం. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి గడి ముందు కూర్చుని ఉంటే, మాత్ర మానొద్దనీ, పేరు రాయమనీ చెప్పండి. మిగతాది డాక్టర్లు చూసుకుంటారు.