క్రియాటిన్ డబ్బా వెనుక ఒక భీమవరం వాసి

కంకిపాడు వంటి ఊళ్లలోనూ నేడు జిమ్‌కు వెళ్లే యువకుల చేతిలో క్రియాటిన్ డబ్బా కనిపిస్తోంది. చాలామంది దానిని కండలు పెంచే విదేశీ పొడిగానే ఎరుగుదురు. కాని అది కండరంలో చేసే పనిని లోకానికి వెల్లడించినవారిలో ఒకరు మన తెలుగువారు.

అర్జినిన్, గ్లైసిన్, మిథియోనిన్ అనే మూడు అమైనో ఆమ్లాల నుండి మన శరీరమే క్రియాటిన్‌ను తయారుచేసుకుంటుంది. 1832లో ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రూల్ దానిని మాంసం నుండి వేరుచేశాడు. అది దేనికి ఉపకరిస్తుందో మాత్రం తరువాత చాలాకాలం స్పష్టపడలేదు. కండరం సంకోచించడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని 1920ల నాటి పండితులు నమ్మేవారు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షించగా, అంతవరకు మామూలు ఫాస్ఫేటుగా లెక్కించిన దానిలో అధికభాగం క్రియాటిన్‌తో కూడి ఉన్నదని తేలింది. ఈ ఫాస్ఫోక్రియాటిన్ కండరం శ్రమించినప్పుడు తరిగి, విశ్రాంతిలో తిరిగి చేరుతుందని వారు 1927లో వెల్లడించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా దీనిని గుర్తించారు. లాక్టిక్ ఆమ్లం పుట్టకపోయినా కండరం సంకోచిస్తుందని 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ చూపడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది.

నోటితో తీసుకున్న క్రియాటిన్ కండరంలోని నిల్వను పెంచుతుందని 1992లో హారిస్ బృందం చూపింది. ఆ తరువాతనే ఇది క్రీడాకారులలో విస్తరించింది.

ఈ చరిత్రలో మీకు పనికివచ్చే విషయమొకటి ఉంది. ఫాస్ఫోక్రియాటిన్ కొద్ది సెకన్ల శ్రమకు సరిపోయే నిల్వ మాత్రమే. కనుక బరువులెత్తేవారికి, పొట్టి పరుగులవారికి ఇది తోడ్పడుతుంది. దూరపు పరుగుకు అంతగా కాదు. కండను కట్టేవి వ్యాయామమూ, మాంసకృత్తులూ. అందుకు అత్యవసరమైన అమైనో ఆమ్లాలు తొమ్మిదీ కావాలి. మూడింటినే అమ్మే బీసీఏఏ పొడి చాలదు. అన్నంలో తక్కువైన లైసిన్‌ను కందిపప్పు, పప్పులో తక్కువైన మిథియోనిన్‌ను అన్నం భర్తీ చేస్తాయి. గుడ్డు, పాలు, చేపలలో తొమ్మిదీ ఉన్నాయి.

క్రియాటిన్ వాడదలిస్తే ఆరోగ్యవంతులకు రోజుకు 3 నుండి 5 గ్రాములు చాలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగకుండా వాడరాదు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు పొడి వాడుతున్న సంగతి తప్పక చెప్పండి. దానివల్ల క్రియాటినిన్ కొంత పెరిగి కనిపించవచ్చు. చెప్పకపోతే లేని కిడ్నీ జబ్బు ఉన్నట్లు పొరబడే ప్రమాదముంది.