బలదియా: కువైట్ పురపాలక మండలి, ఓటర్లు లేని షుఐబా

కువైట్ పురపాలక మండలిని అరబ్బీలో మజ్లిస్ అల్ బలదీ అంటారు. దాని నిర్ణయాలను అమలుచేసే శాఖ పేరు బలదియా. కువైట్‌లో పనిచేసే కడప, గోదావరి జిల్లాల వాళ్ళ తెలుగులోనూ అది బలదియాయే. మున్సిపాలిటీ అని అక్కడ ఎవరూ అనరు. ఒకప్పుడు హోటల్ వంటవాడి హెల్త్ కార్డు అడిగింది బలదియా, రోడ్డు పక్క అంగడి ఎత్తించేది బలదియా, బిల్డింగ్ బేస్‌మెంట్‌లో సామాను ఎందుకు పేర్చారని నిలదీసేదీ బలదియాయే. ఆ శాఖ మీద ఓట్లతో గెలిచిన సభ్యులు కొందరు కూర్చుంటారనీ, వాళ్ళు మగవాళ్ళు కూడే దివానియాల చుట్టూ తిరిగి ఓట్లు అడుగుతారనీ చాలామంది కార్మికులకు పట్టదు. వాళ్ళకు అక్కడ ఓటు లేదు కాబట్టి పట్టవలసిన అవసరమూ రాదు.

ఈ మండలి చమురు కంటే పాతది. బహ్రెయిన్‌లోని మనామాలో 1919లోనే పురపాలక సంఘం ఏర్పడింది. కువైట్ పండితుడు, సంస్కర్త షేక్ యూసుఫ్ బిన్ ఈసా అల్ ఖినాయీ అక్కడి పనితీరు చూసి, తమ ఊరికీ అటువంటిది కావాలని కోరాడు. పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబిర్ ఒప్పుకోవడంతో 1930లో బలదియా పుట్టింది. రాజకుటుంబానికి చెందిన షేక్ అబ్దుల్లా అల్ జాబిర్ దానికి అధ్యక్షుడయ్యాడు. అప్పటి కువైట్ గోడ లోపలి ఊరు. 1920లో కట్టిన మట్టిగోడ, దాని తలుపులు, లోపల సందులు, సముద్రపు ఒడ్డున పడవలు. వీధులు ఊడ్పించడం, సంతలను అదుపులో పెట్టడం, దారులు వెడల్పు చేయడం, ఊరి ఆరోగ్యం చూసుకోవడం కొత్త సంస్థకు అప్పగించిన పనులు. ఖర్చు అంగళ్ళ మీద, సరుకుల మీద వేసిన చిన్న పన్నులతో గడిచేది. ఆ పన్నులు వసూలైనది మన రూపాయల్లోనే. 1961లో దినార్ వచ్చేదాకా కువైట్ బజారులో చెల్లింది రూపాయే.

కాలం మాత్రం మంచిది కాదు. జపాన్ పెంపకపు ముత్యాలు ప్రపంచ మార్కెట్లోకి వచ్చి గల్ఫ్ ముత్యాల వేటను దెబ్బతీశాయి. సౌదీ వైపు నుంచి ఎడారి వ్యాపారానికి అడ్డుకట్ట పడింది. ముత్యాలమ్మి, బొంబాయికి పడవలు నడిపి బతికిన వర్తకులకు, తాము కట్టే పన్ను ఎటు పోతోందో అడిగే హక్కు కావాలనిపించింది. బలదియా మండలిలో ఆ హక్కు కొంత దొరికింది. పన్నెండు మంది సభ్యులు, రెండేళ్ళ పదవీకాలం, ఎన్నుకునేవాళ్ళు ఊరి పెద్ద కుటుంబాల మగవాళ్ళు. మొత్తం ఓటర్లు ఒకరికొకరు తెలిసినవాళ్ళే కనుక ప్రచారం అనే మాటకు చోటు లేదు. పెద్దింటి మగవాళ్ళు సాయంత్రాలు కూర్చునే దివానియాలో మాట కుదిరితే ఓటు కుదిరినట్టే.

ఆస్తి, హోదా ఉన్నవాడే ఓటరు అన్న సూత్రం తెలుగునాటికి కొత్త కాదు. భీమునిపట్నంలో పురపాలక సంఘం 1861లో ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టణాభివృద్ధి చట్టం 1865లో, జిల్లా మునిసిపాలిటీల చట్టం 1884లో వచ్చాయి. పన్ను కట్టే కొద్దిమందే చాలాకాలం ఓటర్లు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో టంగుటూరి ప్రకాశం రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ పదవికి పోటీపడి గెలిచినప్పటి రాజకీయం కూడా వకీళ్ళు, జమీందార్లు, వర్తకుల మధ్య నడిచిందే. అయితే ఇక్కడ ఊరికో సంఘం, వార్డుకో కౌన్సిలర్. కువైట్‌లో దేశమంతటికీ ఒకటే బలదియా, ఒకటే మండలి. ఆ ఒక్క తేడా వల్ల అక్కడి సభ్యుడు వీధి దీపం గురించి మాట్లాడుతూనే దేశపటం మీద గీతలు గీసే పనిలోనూ ఉంటాడు.

బలదియాలో అలవాటైన వాదప్రతివాదాలు ఊరకే పోలేదు. 1938లో వర్తకులు ఏకంగా శాసనమండలి కావాలన్నారు. కొన్ని వందలమంది ఓటర్లు పద్నాలుగు మందిని ఎన్నుకున్నారు, షేక్ అబ్దుల్లా అల్ సాలిమ్ దానికి అధ్యక్షత వహించాడు. పన్నుల్లో, కస్టమ్స్‌లో చేయిపెట్టిన ఆ మండలి ఆరు నెలలు నిలిచి, అదే ఏడాది డిసెంబరులో రద్దయింది. బుర్గాన్‌లో చమురు పడింది కూడా ఆ ఏడాదే. ప్రభుత్వానికి చమురు డబ్బు దొరికితే వర్తకుడి పన్ను మీద ఆధారపడనక్కరలేదు, పన్ను కట్టేవాడి మాట వినవలసిన అవసరమూ తగ్గుతుంది. కువైట్ రాజకీయ చరిత్ర రాసేవాళ్ళు ఈ ముడిని తరచూ ఎత్తిచూపుతారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో అహ్మదీ రేవు నుంచి మొదటి చమురు ఓడ కదిలింది. ఆ తరువాత బలదియా చేతికి పూర్వం ఎన్నడూ లేని వస్తువు వచ్చింది. అది భూమి. 1952లో బ్రిటిష్ నగర నిర్మాణ సంస్థ మినోప్రియో, స్పెన్స్‌లీ, మాక్‌ఫార్లేన్ కొత్త నగరానికి పటం గీసింది. ఊరి గోడ 1957లో కూలింది; తలుపులు మాత్రం ఇప్పటికీ రోడ్ల కూడళ్ళలో గుర్తుగా నిలిచి ఉన్నాయి. పాత ఊళ్ళో ఇళ్ళను ప్రభుత్వం మంచి ధరకు కొని, యజమానులను కొత్త పేటలకు పంపింది. ఈ కొనుగోలును అక్కడ తస్మీన్, అంటే వెల కట్టడం అంటారు. ఏ స్థలం రోడ్డులో పోతుందో, ఏది అంగళ్ళ వీధి అవుతుందో ముందుగా తెలిసినవాడికి లాభం. కాబట్టి ఎక్కడ ఏమి కట్టవచ్చో తేల్చే మండలిలో కుర్చీ చిన్నది కాదు. చెత్త, దోమలు, కుక్కల మీద ప్రసంగాలు వినిపిస్తున్నా, పోటీ అసలు సారం స్థలం దగ్గరే ఉండేది.

ఇక షుఐబా. రాజధానికి దక్షిణంగా సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, ఫహాహీల్ దాటాక, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. బస్రా దగ్గర 1915లో బ్రిటిష్ ఇండియా సైన్యం తుర్కులతో పోరాడిన షైబా వేరు. పేర్లు దగ్గరగా ఉండటంతో పుస్తకాల్లో కూడా తడబాటు కనిపిస్తుంది. ఈ తీరపు ఊళ్ళకు చేపలు, ముత్యాల వేట, నూతుల నీటితో చిన్న సాగు ఆధారం. గోడ లోపలి ఊరి ఎన్నికలతో వీటికి సంబంధం లేదు. చమురు వచ్చాక వీటి దశ తిరిగింది. 1964లో ప్రభుత్వం షుఐబాను పారిశ్రామిక ప్రాంతంగా ప్రకటించి, వ్యవహారాలు చూడటానికి ప్రత్యేక యంత్రాంగాన్ని నియమించింది. విద్యుత్తు, ఉప్పునీటిని మంచినీరు చేసే కేంద్రాలు, ఎరువుల కర్మాగారాలు, 1967లో రేవు, 1968లో కువైట్ నేషనల్ పెట్రోలియం కంపెనీ రిఫైనరీ వరుసగా వచ్చాయి. 1997లో ఈక్వేట్ పెట్రోకెమికల్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ ఏడాదే షుఐబా బాధ్యత కొత్తగా ఏర్పడిన ప్రభుత్వ పరిశ్రమల సంస్థకు మారింది.

పైపుల మధ్య పాత పల్లె కనుమరుగైంది. పల్లె పోతే ఓటరు జాబితా పోతుంది. కువైట్ చట్టం ప్రకారం పౌరుడు తాను నివసించే పేటలోనే ఓటు వేయాలి. షుఐబాలో పగలూ రాత్రీ వేలమంది పనిచేస్తారు. వాళ్ళలో ఎక్కువమంది పౌరులు కారు, పౌరులైన ఇంజనీర్లు డ్యూటీ దిగాక వేరే పేటలకు వెళ్ళిపోతారు. అక్కడి గోడకు ప్రచారపు పోస్టరు అంటిస్తే చదివేవాడు వెల్డరో స్కాఫోల్డరో అయి ఉంటాడు. దేశానికి ఇంత సంపద ఇచ్చిన నేల మీద ఓటు అడగడానికి గడపే లేకపోవడం ఈ చరిత్రలో విచిత్రమైన మెలిక.

మండలి మాత్రం చట్టాల మీద చట్టాలతో సాగింది. 1961లో స్వాతంత్ర్యం, 1962లో రాజ్యాంగం వచ్చాయి. రాజ్యాంగం 133వ అధికరణం పురపాలక సంస్థలకు స్వతంత్రత ఉండాలంటూనే వాటిని ప్రభుత్వ పర్యవేక్షణలో ఉంచింది. ఆ రెంటి మధ్య లాగులాట అప్పటి నుంచీ ఉంది. 1972లో, 2005లో, 2016లో పురపాలక చట్టాలు మళ్ళీ రాశారు. 2016 చట్టం ప్రకారం మండలిలో పదహారు మంది: పది నియోజకవర్గాల నుంచి ఒక్కొక్కరు ఓట్లతో వస్తారు, ఆరుగురిని ప్రభుత్వం నియమిస్తుంది, పదవీకాలం నాలుగేళ్ళు. మండలి తీర్మానిస్తుంది, మంత్రి అభ్యంతరం చెప్పి తిప్పి పంపవచ్చు, అమలు డైరెక్టర్ జనరల్ కింది శాఖది. సభ్యుడి చేతిలో మిగిలేవి ప్రశ్న, ప్రతిపాదన, పత్రికల్లో పేరు. చాలామందికి ఇది జాతీయ అసెంబ్లీకి మెట్టుగా పనికొచ్చింది.

కువైట్‌లో రాజకీయ పార్టీలకు చట్టబద్ధమైన గుర్తింపు లేదు. అందువల్ల అభ్యర్థికి జెండా, గుర్తు ఇచ్చేవాళ్ళుండరు. వంశం, తెగ, పేట, స్నేహాలు ఆ పని చేస్తాయి. నామినేషన్ వేశాక అభ్యర్థి గుడారం వేయిస్తాడు. దానిలో తివాచీలు, ఖహ్వా అనే కాఫీ, ఖర్జూరం, రాత్రి భోజనం, చివర ఒక ప్రసంగం. మిగతా రాత్రులు దివానియా నుంచి దివానియాకు తిరుగుడు. రాత్రికి పది ఇళ్ళు ఎక్కి దిగడం అక్కడి ఇంటింటి ప్రచారం. అహ్మదీ గవర్నరేట్‌లోని బయటి పేటల్లో అజ్మాన్, అవాజిమ్ వంటి తెగల బలం ఎక్కువ. ఒకే తెగ నుంచి ఇద్దరు ముగ్గురు నిలిస్తే ఓట్లు చీలతాయి కనుక, తెగ లోపలే ముందుగా ఓటింగ్ పెట్టి ఒకరిని తేల్చుకునే అలవాటు పెరిగింది. దీన్ని ఫర్‌ఇయ్యా అంటారు. 1998లో చట్టం దీన్ని నిషేధించింది. పెళ్ళి విందు పేరుతోనో మరో పేరుతోనో అది కొనసాగింది, పోలీసులు వెంటపడ్డారు, కేసులు పడ్డాయి.

ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 2005 మే 16న. ఆ జూన్‌లో జరిగిన పురపాలక ఎన్నికలకు అది అందలేదు, మగవాళ్ళే ఓటువేశారు. ఆ లోటు కొంత పూడ్చడానికి ప్రభుత్వం తన కోటాలో ఇద్దరు మహిళా ఇంజనీర్లను, ఫాతిమా అల్ సబాను, ఫౌజియా అల్ బహర్‌ను నియమించింది. సల్వా స్థానం సభ్యుడు మంత్రి కావడంతో 2006 ఏప్రిల్ 4న అక్కడ ఉపఎన్నిక జరిగింది. కువైట్ మహిళలు మొదటిసారి పోలింగ్ కేంద్రానికి వెళ్ళింది ఆ రోజునే. ఆ నియోజకవర్గంలో స్త్రీ ఓటర్లే ఎక్కువ. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు వేరు వేరు కేంద్రాలు పెట్టారు. ఇద్దరు మహిళలు, జినాన్ బూషహరీ, ఖాలిదా అల్ ఖదర్ పోటీచేశారు. గెలుపు మగ అభ్యర్థిదే అయినా బూషహరీ రెండో స్థానంలో నిలిచింది. ఆమె తరువాత మంత్రి అయింది, 2022లో జాతీయ అసెంబ్లీకి ఎన్నికైంది. అసెంబ్లీ ఎన్నికల కంటే ముందు ఒక మున్సిపల్ సీటు మీద ఈ పరీక్ష జరగడం యాదృచ్ఛికమే. కానీ చెత్త బండి, ఆట స్థలం, బడి ముందు ట్రాఫిక్ వంటి విషయాల మీద ఓటు అడగడం ఆడవాళ్ళకు పనికిరాని పని అని వాదించడం ఎవరికైనా కష్టం.

మండలిలో ఏళ్ళ తరబడి నలిగిన మరో అంశం బ్యాచిలర్లది. గల్ఫ్ మాటలో బ్యాచిలర్ అంటే పెళ్ళికాని వాడు కాదు, భార్యాపిల్లల్ని ఊళ్ళో వదిలి ఒంటరిగా ఉండే కార్మికుడు. రాజంపేటలో ముగ్గురు పిల్లల తండ్రి కూడా కువైట్‌లో బ్యాచిలరే. పౌరుల సొంతిళ్ళ పేటల్లో ఇళ్ళను ఇలాంటి గుంపులకు అద్దెకివ్వకూడదని నిబంధన ఉంది. అద్దె వస్తుందని యజమానులు ఇస్తారు. ఇరుగుపొరుగు సభ్యుడికి ఫిర్యాదు చేస్తారు. బలదియా వచ్చి కరెంటు తీసేయిస్తుంది. ఓటరు, యజమాని, ఫిర్యాదుదారు అందరూ పౌరులే. అద్దెకున్నవాడు మాత్రం సామాను మూట కట్టుకుని మహబూలాకో, మంగఫ్‌కో, ఫహాహీల్‌కో గది వెతుక్కుంటాడు. కార్మిక నగరాలకు స్థలాలు కేటాయించే కాగితాలు మండలి బల్ల మీదికి అనేకసార్లు వచ్చాయి, కట్టడం మాత్రం నత్తనడకన సాగింది.

షుఐబాకు ఉత్తరాన కొద్ది దూరంలోనే మంగఫ్ ఉంది. అక్కడ 2024 జూన్ 12న తెల్లవారుజామున కార్మికుల బస ఉన్న ఒక భవనంలో మంటలు లేచి సుమారు యాభైమంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. వెంటనే బలదియా అధికారుల సస్పెన్షన్లు, భవనాల తనిఖీలు, బేస్‌మెంట్ గోదాముల ఖాళీ మొదలయ్యాయి. అప్పటికి నెల ముందే, మే 10న, దేశ పాలకుడు అమీర్ జాతీయ అసెంబ్లీని రద్దుచేసి రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్ళ వరకు నిలిపివేశాడు. దాంతో దేశంలో ఓటు మీద వచ్చిన సభ్యులు మిగిలింది 2022 మేలో ఎన్నికైన పురపాలక మండలిలోనే.

షుఐబా రిఫైనరీ 2017లో మూతపడింది. రేవు, పెట్రోకెమికల్ కర్మాగారాలు పనిచేస్తూనే ఉన్నాయి. వాటికి దక్షిణంగా కట్టిన ఉమ్ అల్ హైమాన్ పేటలో పౌరులు ఉంటారు. ఫ్యాక్టరీల పొగ మీద వాళ్ళు ఏళ్ళుగా ఫిర్యాదులు చేస్తున్నారు, ధర్నాలు కూడా చేశారు. షుఐబా గాలి గురించి ఎన్నికల గుడారంలో మాట వినిపించేది ఆ పేటలోనే.