హైదరాబాద్ స్క్వాడ్రన్, కాలిన చెహరా

నిజాం సర్కార్ చందాకు షుక్రియాగా బ్రిటిష్ వైమానిక దళం తన 253వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్ స్టేట్' అని పేరు పెట్టింది. ఆ ఖజానా నింపింది మన రయ్యతే, అది వేరే దాస్తాన్.

దాని కమాండర్‌గా పనిచేసిన టామ్ గ్లీవ్‌ది లివర్‌పూల్. 1940 ఆగస్టు 30న తన హరికేన్ విమానంతో ఐదు జర్మన్ ఫైటర్లను కూల్చానన్నాడు. దఫ్తర్ మొదట ఒక్కదాన్నే ఒప్పుకుంది. మర్నాడే అతని విమానం అంటుకుంది. పారాచూట్‌తో బయటపడ్డాడు గానీ చెహరా, చేతులు, కాళ్లు కాలిపోయాయి.

ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో సర్జన్ మెకిండో అతనికి కొత్త ముక్కు అమర్చాడు. అక్కడ కాలిన ఫౌజీలు తమకు తామే మజాక్‌గా ప్రయోగాల జంతువు పేరు పెట్టుకుని 'గినీపిగ్ క్లబ్' కట్టారు. 1993లో ఇంతకాల్ అయ్యేదాకా చీఫ్ గినీపిగ్ గ్లీవే.

1942లో మాన్‌స్టన్ స్టేషన్ కమాండర్. ఫిబ్రవరి 12న ఆరు స్వోర్డ్‌ఫిష్ విమానాలు జర్మన్ యుద్ధనౌకల మీదికి బయల్దేరుతుంటే నిలబడి సలాం చేశాడు. ఒక్కటీ తిరిగి రాలేదు.